యేసు సమాధులు రెండెందుకు? బైబిల్ స్థలాలు, గుహలు చూడబోయే విద్యార్థికి ముందు తెలియాల్సినవి

యెరూషలేము వెళ్లొచ్చిన మనవాళ్ల ఫొటోలు చూస్తే ఒక సందేహం రాక మానదు. ఒకాయన పెద్ద చర్చి లోపల, దీపాల మధ్య, పాలరాతి కట్టడం ముందు నిలబడి ‘ఇది యేసు సమాధి’ అంటాడు. ఇంకొకామె తోటలో, కొండరాతిలో తొలిచిన గుహ ముందు నిలబడి అదే మాట అంటుంది. రెండూ ఒకే ఊళ్లో, కిలోమీటరు కూడా లేని దూరంలో ఉన్నాయి. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. గైడ్ చెప్పింది చెప్తున్నారు.

ఈ సందేహం మన దగ్గర చిన్నదేం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం యెరూషలేము యాత్రకు వెళ్లే క్రైస్తవులకు ఆర్థిక సాయం చేస్తోంది. 2019లో ఆ సాయాన్ని ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 60,000 రూపాయలకు, అంతకు మించి ఉన్నవాళ్లకు 30,000కు పెంచారు. యాత్రలతో పాటు చదువుల ప్రయాణాలూ ఉన్నాయి. వేదాంత కళాశాలల వాళ్లు, చరిత్ర, పురావస్తు శాస్త్రం చదివేవాళ్లు ఏదో ఒక దేశం నుంచి అక్కడికి ఫీల్డ్ ట్రిప్‌కు వెళ్తూనే ఉంటారు. యెరూషలేములో సొరంగం, పశ్చిమాన చిన్న కొండల షెఫేలా ప్రాంతంలో లాకీషు దిబ్బ, బేత్ గువ్రిన్ గుహలు, మృతసముద్రం పక్కన కుమ్రాన్ అలాంటి ట్రిప్పుల్లో తరచూ ఉండే చోట్లు. ఇంకోవైపు ‘బైబిల్ నిజమని రుజువైంది’, ‘బైబిల్ కట్టుకథ అని తేలిపోయింది’ అనే రెండు రకాల వీడియోలూ ఈ స్థలాలనే చూపిస్తాయి. ఒకే రాయిని చూపించి రెండు పూర్తి వ్యతిరేకమైన మాటలు ఎలా చెప్పగలుగుతున్నారో అర్థం కావాలంటే, అసలు ‘బైబిల్ స్థలం’ అన్నప్పుడు ఏం చెప్తున్నామో విడదీసి చూడాలి.

ఒక్క మాటలో నాలుగు దావాలు

‘ఇది దావీదు దాక్కున్న గుహ’ అని గైడ్ అన్నాడనుకుందాం. ఆ ఒక్క వాక్యంలో నాలుగు వేర్వేరు దావాలు ఉన్నాయి. బైబిల్లో అలాంటి గుహ ప్రస్తావన ఉంది అనేది మొదటిది. ఆ గ్రంథంలోని ఊరు ఇప్పుడు మనం నిలబడ్డ ఈ ఊరే అనేది రెండోది. ఈ గుహ, ఇందులోని గోడలు, మెట్లు, కుండలు ఆ కాలానివే అనేది మూడోది. ఆ సంఘటన నిజంగా ఇక్కడే జరిగింది అనేది నాలుగోది.

మొదటిదాన్ని పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. రెండోదానికి భూగోళం, పాత ఊరి పేర్లు కావాలి. మూడోదానికి తవ్వకం కావాలి. నాలుగోదానికి చాలా సార్లు ఏ ఆధారమూ దొరకదు. ఎందుకంటే ఒక మనిషి ఒక రాత్రి గుహలో పడుకుంటే ఆనవాలు మిగలదు. గొడవంతా ఒక దావాకు దొరికిన ఆధారాన్ని ఇంకో దావాకు వాడుకోవడం దగ్గర మొదలవుతుంది. నమ్మేవాళ్లూ, నమ్మనివాళ్లూ ఇద్దరూ ఈ పని చేస్తారు.

దావీదు గుహనే తీసుకుందాం. సౌలుకు భయపడి అదుల్లాము గుహకు పారిపోయాడని, అక్కడ దాదాపు 400 మంది అతని దగ్గర చేరారని మొదటి సమూయేలు 22వ అధ్యాయం చెప్తుంది. క్రూసేడుల కాలం నుంచి యాత్రికులకు చూపించిన గుహ బేత్లెహేముకు ఆగ్నేయంగా, ఖురైతున్ లోయలో ఉంది. అది చాలా పెద్ద సహజ గుహ, వందల మంది పట్టేంత విశాలం. కానీ బైబిల్లోని ఊళ్ల జాబితాలు అదుల్లామును పశ్చిమాన ఉన్న షెఫేలా ఊళ్లతో కలిపి చెప్తాయి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు క్లెర్మోన్ గన్నో ఏలా లోయ దగ్గరున్న ఒక దిబ్బను అదుల్లాముగా గుర్తించాడు. ఆ చోటి అరబిక్ పేరులో పాత పేరు ధ్వని మిగిలి ఉందన్నది ఆయన వాదనలో ఒక భాగం. ఇప్పుడు ఎక్కువమంది పండితులు ఆ గుర్తింపునే ఒప్పుకుంటారు. అంటే రెండో దావా చాలావరకు తేలింది. ఆ దిబ్బ పక్కన గుహలు కొన్ని ఉన్నాయి. వాటిలో ‘దావీదు గుహ’ ఏదని అడిగితే మాత్రం జవాబు లేదు. సౌలు వస్త్రపు చెంగు దావీదు కోశాడని చెప్పే ఏన్గెదీ గుహ సంగతీ అంతే. నీటి ఊట, లోయ, కొండ మేకలు అన్నీ గ్రంథంలో ఉన్నట్టే ఉన్నాయి, ఆ గుహ ఏదో మాత్రం ఎవరూ వేలు పెట్టి చూపించలేరు.

దిబ్బ చదవడం: లాకీషు

మన ఊళ్లలో పాటిదిబ్బలు తెలిసినవాళ్లకు అక్కడి ‘తెల్’ అంటే ఏమిటో వెంటనే అర్థమవుతుంది. ఒకే చోట వందల ఏళ్లు ఇళ్లు కట్టి, కూలి, మళ్లీ వాటి మీదే కట్టి, పెంకులూ బూడిదా మట్టీ పేరుకుని ఎత్తయిన చోటు అది. తేడా ఏమిటంటే మన పాటిమన్ను పొలాలకు తోలుకుపోయారు. అక్కడి దిబ్బల్లో చాలా వాటిని పొరలు చెదరకుండా తవ్వారు. కింది పొర పాతది, పై పొర కొత్తది. ఏ పొరలో ఏ తీరు కుండలు దొరుకుతున్నాయో గమనిస్తూ పోతే, కుండ అంచు చూసి కాలం చెప్పగలిగే పట్టిక తయారవుతుంది. ఈ పద్ధతిని ఆ నేల మీద మొదలుపెట్టింది ఇంగ్లండుకు చెందిన ఫ్లిండర్స్ పెట్రీ. 1890లో ఆయన తెల్ ఎల్ హెసీ అనే దిబ్బను తవ్వాడు. అదే బైబిల్లోని లాకీషు అనుకున్నాడు. పద్ధతి నిలిచింది కానీ గుర్తింపు నిలవలేదు. 1929లో ఆల్‌బ్రైట్ అనే అమెరికన్ పండితుడు లాకీషు అక్కడ కాదు, తెల్ ఎద్ దువైర్ అనే ఇంకో పెద్ద దిబ్బ అన్నాడు. ఇప్పుడు విద్యార్థులు ఎక్కేది ఆ దిబ్బే.

లాకీషును నేను ముందు చెప్పడానికి కారణం ఉంది. నాలుగు దావాలూ ఒకే చోట కలిసే అరుదైన స్థలం ఇది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు, యెరూషలేము రాజధానిగా ఉన్న యూదా రాజ్యం మీదికి వచ్చి ప్రాకారాలున్న పట్టణాలను పట్టుకున్నాడని, అప్పుడు లాకీషు దగ్గర మకాం వేసి ఉన్నాడని రెండవ రాజులు 18వ అధ్యాయం చెప్తుంది. ఇది ఓడినవాళ్ల వైపు కథనం. గెలిచినవాళ్ల వైపు నుంచి రాతి చెక్కడాలు దొరికాయి. నీనెవెలోని సన్హెరీబు కోటలో ఒక గది గోడల నిండా ఒక పట్టణపు ముట్టడి చెక్కి ఉంది. 1840లలో లేయార్డ్ వాటిని తవ్వి తీశాడు, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మల మీద లాకీషు పేరు చెక్కి ఉంది. మట్టి కట్టమీదుగా పైకి తోసుకెళ్తున్న యంత్రాలు, బండ్ల మీద సామాను వేసుకుని పోతున్న బందీల కుటుంబాలు కనిపిస్తాయి. ఇక మూడో సాక్షి నేల. దిబ్బ నైరుతి మూలన రాళ్లతో పేర్చిన ముట్టడి కట్ట ఇప్పటికీ ఉంది. అక్కడ వందలకొద్దీ బాణపు మొనలు, ఒడిసెల రాళ్లు దొరికాయి. దగ్గర్లోని ఒక గుహలో దాదాపు 1,500 మంది ఎముకలు కుప్పగా పడి ఉన్నాయి.

ఇంత స్పష్టమైన చోట కూడా తగువు నడిచింది. కాలిపోయిన మూడో పొర సన్హెరీబు తగలబెట్టిందా, వందేళ్ల తర్వాత బబులోను సైన్యం తగలబెట్టిందా అని 1930ల నుంచి పండితులు వాదించుకున్నారు. 1973లో ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్త ఊసిష్‌కిన్ మొదలుపెట్టిన తవ్వకాలతో మూడో పొర 701దని, దాని పైనున్న రెండో పొర బబులోను రాజు నెబుకద్నెజరు కాలపు (క్రీ.పూ. 586 ప్రాంతం) నాశనమని స్థిరపడింది.

‘కార్బన్ డేటింగ్ చేస్తే తేలిపోదా?’ అని చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. బతికున్న గింజలో ఉండే కార్బన్ 14, చచ్చిపోయాక 5,730 ఏళ్లకు సగమవుతుంది. కాలిన గింజలో మొదట ఉన్నదానిలో 72 శాతం మిగిలిందనుకోండి, దాని వయసు సుమారు 2,700 ఏళ్లు. అంటే లాకీషు పొర కాలమే. కానీ గాలిలోని కార్బన్ 14 అన్ని కాలాల్లోనూ ఒకేలా లేదు. సుమారు క్రీ.పూ. 800 నుంచి 400 వరకు అది మారిన తీరు వల్ల, ఆ నాలుగు వందల ఏళ్లలో ఎప్పుడు కోసిన గింజైనా పరీక్షలో దాదాపు ఒకే అంకె చూపిస్తుంది. యూదా రాజుల చరిత్రలో అతి ముఖ్యమైన శతాబ్దాలు సరిగ్గా ఈ మసకలో పడ్డాయి. 701కీ 586కీ మధ్య తేడా చెప్పడానికి అక్కడ కార్బన్ కంటే కుండే నమ్మదగిన సాక్షి.

సన్హెరీబు కథలో ఇంకో చిక్కు ఉంది. అతను యూదా రాజు హిజ్కియాను యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించానని శాసనంలో రాయించుకున్నాడు, పట్టుకున్నానని మాత్రం రాయించుకోలేదు. బైబిల్ కూడా యెరూషలేము పడలేదనే చెప్తుంది. కప్పం విషయంలో 30 తలాంతుల (తలాంతు అంటే అప్పటి ఒక పెద్ద తూకం) బంగారం అని రెండు వైపులా ఒకే అంకె ఉంది, వెండి మాత్రం బైబిల్లో 300 తలాంతులు, శాసనంలో 800. సైన్యం ఎందుకు వెనక్కి పోయిందంటే, ఒక్క రాత్రిలో దేవదూత 1,85,000 మందిని హతం చేశాడని బైబిల్ చెప్తుంది. శాసనంలో ఆ ఊసే లేదు. లాకీషు దిబ్బ ముట్టడిని నిరూపిస్తుంది. ఆ రాత్రి ఏం జరిగిందన్నది తవ్వి తేల్చే విషయం కాదు.

గుహలన్నీ ఒకటి కాదు

గుహ అనగానే కొండలో సహజంగా ఏర్పడిన బిలం అనుకుంటాం. అక్కడ విద్యార్థులు చూసే గుహల్లో చాలావరకు మనుషులు తొలిచినవి. బేత్ గువ్రిన్, మారేషా దగ్గర ఇది బాగా కనిపిస్తుంది. పైన గట్టి రాతి పెచ్చు ఉంటుంది. దాని కింద మెత్తటి సుద్దరాయి. పై పెచ్చుకు చిన్న కన్నం పెట్టి కిందికి దిగితే, సుద్దరాయిని తొలుచుకుంటూ అన్ని వైపులా వెడల్పు చేసుకోవచ్చు. పై పెచ్చు కప్పులా నిలబడుతుంది. పైన సన్నగా, కింద వెడల్పుగా గంట ఆకారంలో ఉండే గుహలు అలా పుట్టినవే. 2014లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో దాదాపు 3,500 భూగర్భ గదులు ఉన్నాయి.

మారేషా పేరు యెహోషువ గ్రంథంలో ఉంది, రెహబాము కట్టించిన దుర్గాల జాబితాలోనూ ఉంది. కాబట్టి ‘బైబిల్ స్థలం’ అన్న మాట నిజమే. కానీ అక్కడ కిందికి దిగి చూసే నూనె గానుగలు, నీటి తొట్లు, గోడల నిండా గూళ్లు తొలిచిన పావురాల గదులు ఎక్కువ భాగం క్రీ.పూ. 3, 2 శతాబ్దాలవి, అంటే అలెగ్జాండర్ తర్వాతి గ్రీకు పాలన కాలానివి. అప్పుడు ఊళ్లో ఉన్నది ఎదోమీయులు, సీదోను నుంచి వచ్చినవాళ్లు. 1902లో బయటపడ్డ సీదోనీయుల సమాధి గుహ గోడల మీద ఏనుగు, ఖడ్గమృగం, చిరుత బొమ్మలు ఉన్నాయి. గంట గుహలైతే ఇంకా తర్వాతివి. వాటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 7 నుంచి 10వ శతాబ్దం దాకా, అరబ్బుల తొలి పాలనలో సున్నం కోసం, కట్టడాల కోసం తవ్విన గనులు. చాలా గుహల గోడల మీద సిలువ గుర్తులూ అరబిక్ రాతలూ రెండూ ఉన్నాయి. దావీదు కాలపు గుహలనుకుని లోపలికి వెళ్లిన విద్యార్థి చూసేది నిజానికి దావీదుకు దాదాపు రెండు వేల ఏళ్ల తర్వాత పనిచేసిన రాతి కూలీల ఉలి దెబ్బల్ని. అందులో నిరాశపడాల్సిందేమీ లేదని నా అభిప్రాయం. ఆ కూలీల గురించి చెప్పే పుస్తకం లేదు, ఆ గోడలే వాళ్ల పుస్తకం.

సొరంగం ఎవరు తవ్వించారు?

యెరూషలేములో మోకాలి లోతు నీళ్లలో, టార్చి పట్టుకుని నడిచే సొరంగం విద్యార్థులకు బాగా గుర్తుండిపోయే చోటు. పొడవు 533 మీటర్లు. గిహోను ఊట నీటిని సిలోయము కోనేటికి తెస్తుంది. హిజ్కియా నీళ్లను పట్టణంలోకి తెప్పించాడని రెండవ రాజులు 20, రెండవ దినవృత్తాంతములు 32 చెప్తాయి.

1880లో ఒక బడి పిల్లవాడు ఈ సొరంగంలోకి దిగి, సిలోయము వైపు చివర్లో గోడ మీద అక్షరాలున్నట్టు గమనించాడు. అది ప్రాచీన హీబ్రూ శాసనం. రెండు జట్లు రెండు వైపుల నుంచి తొలుచుకుంటూ వచ్చాయని, మధ్యలో కొన్ని మూరలు మిగిలుండగా ఒకరి గొంతు ఒకరికి వినిపించిందని, ఆ తర్వాత నీళ్లు 1,200 మూరలు పారాయని అందులో ఉంది. అప్పుడు ఆ దేశం ఉస్మానియా తుర్కుల పాలనలో ఉండటంతో ఆ రాయి ఇస్తాంబుల్ మ్యూజియానికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది. చిక్కేమిటంటే, శాసనంలో రాజు పేరు లేదు. హిజ్కియా అన్న మాట ఎక్కడా లేదు.

అందుకే 1996లో ఇద్దరు పండితులు ఇది హిజ్కియాది కాదు, ఐదు వందల ఏళ్ల తర్వాత పాలించిన హస్మోనీయులనే యూదు రాజులదై ఉంటుందని వాదించారు. 2003లో సొరంగం గచ్చులో చిక్కుకున్న మొక్కల ముక్కలకు కార్బన్ పరీక్ష, కప్పు నుంచి దిగిన సున్నపు స్తంభానికి యురేనియం, థోరియం పరీక్ష చేశారు. స్తంభం సొరంగం తవ్విన తర్వాతే పెరగడం మొదలవుతుంది, కాబట్టి సొరంగం దానికంటే పాతదై తీరాలి. రెండు పరీక్షలూ కలిపి చూస్తే క్రీ.పూ. 700 ప్రాంతానికి సరిపోయాయి. హస్మోనీయుల వాదన దాంతో బలహీనపడింది. అయితే ఆ తర్వాత, ఊట దగ్గర తవ్విన పురావస్తు శాస్త్రవేత్తలు రైఖ్, షుక్రోన్ అక్కడి కుండపెంకుల్ని బట్టి సొరంగం హిజ్కియా కంటే ముందే తవ్వి ఉండొచ్చన్నారు. ఇప్పుడు ఎక్కువమంది హిజ్కియా వైపే ఉన్నా, ‘రుజువైంది’ అన్న మాట కంటే ‘చక్కగా సరిపోతోంది’ అన్న మాటే నిజానికి దగ్గర.

రెండు కొసల మధ్య తిన్నని దూరం 320 మీటర్ల లోపే. మరి 533 మీటర్లు మెలికలు తిరుగుతూ తవ్వి మధ్యలో ఎలా కలిశారు? రాతిలో సహజంగా నీళ్లు కోసిన సన్నని దారి వెంట వెళ్లారని ఒక వాదం. అలాంటి దారి ఆనవాళ్లు అన్ని చోట్లా లేవు, పైనుంచి రాతిని కొడుతూ శబ్దంతో దారి చూపించారని ఇంకో వాదం. సొరంగం మధ్యలో ఉలి గీతలు ఎదురెదురుగా మారే చోటు ఒకటుంది. రెండు జట్లూ కలిసింది అక్కడే అని ఏ విద్యార్థైనా టార్చి వేసి స్వయంగా చూడగలడు.

కుమ్రాన్: చుట్టలు దొరికాయి, రాసినవాళ్లెవరు?

1947లో తఆమిరా తెగకు చెందిన పశువుల కాపరులు మృతసముద్రం వాయవ్యాన ఒక గుహలో జాడీల్లో పెట్టిన తోలు చుట్టలు కనుక్కున్నారు. 1956 నాటికి 11 గుహల్లో 900కు పైగా గ్రంథాల తునకలు బయటపడ్డాయి. దాదాపు నాలుగో వంతు హీబ్రూ బైబిల్ పుస్తకాలు, ఎస్తేరు గ్రంథం మాత్రం దొరకలేదు. యెషయా గ్రంథం 66 అధ్యాయాలతో, 7.34 మీటర్ల పొడవున దాదాపు పూర్తిగా దొరికింది. అప్పటికి తెలిసిన పూర్తి హీబ్రూ ప్రతుల కంటే అది వెయ్యేళ్లు పాతది. పోల్చి చూస్తే చాలా భాగం ఒకేలా ఉంది, అక్షరాల, పదాల తేడాలు మాత్రం ఎన్నో ఉన్నాయి. యిర్మీయా లాంటి పుస్తకాలకైతే చిన్నదీ పెద్దదీ రెండు రకాల పాఠాలు ఒకే గుహలో దొరికాయి. ‘ఒక్క అక్షరం మారలేదు’ అనే ప్రసంగమూ తప్పే, ‘అంతా మార్చేశారు’ అనే ఎగతాళీ తప్పే.

గుహల్లోనూ రెండు రకాలున్నాయి. కొండ అంచున ఎత్తులో ఉన్నవి సహజమైన సున్నపురాతి గుహలు. శిథిలాల పక్కనే లోయ అంచున కనిపించే నాలుగో గుహ మనుషులు తొలిచింది. ఫొటోల్లో అందరూ చూసేది దాన్నే. 500కు పైగా గ్రంథాల తునకలు ఆ ఒక్క దానిలోనే దొరికాయి. సందర్శకులు దాన్ని ఎదురుగా నిలబడి చూడాల్సిందే, లోపలికి వెళ్లనివ్వరు.

పక్కనున్న శిథిలాలు 1951 నుంచి 1956 దాకా తవ్విన ఫ్రెంచి కథోలిక గురువు రోలాం ద వో అక్కడ ఎస్సేనీయులనే యూదు సన్యాస సమాజం ఉండేదని, చుట్టలు వాళ్లవని తేల్చాడు. సిరా బుడ్లు, స్నానపు తొట్లు, సామూహిక భోజనశాల, ఏన్గెదీకి పైన ఎస్సేనీయులు ఉండేవారన్న రోమన్ రచయిత ప్లినీ మాట ఆయనకు ఆధారాలు. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నార్మన్ గోల్బ్ అనే పండితుడు, ఇవి రోమన్లు యెరూషలేమును ముట్టడించినప్పుడు నగరం నుంచి తెచ్చి దాచిన గ్రంథాలన్నాడు. చేతిరాతలు వందల రకాలున్నాయి, ఒక చిన్న సమాజానికి అంతమంది రాతగాళ్లెక్కడివని ఆయన ప్రశ్న. మళ్లీ తవ్విన పురావస్తు శాస్త్రవేత్తలు మాగెన్, పెలెగ్ అది కుండలు చేసే చోటన్నారు. శిథిలాల్లో ఒక్క చుట్ట ముక్క కూడా దొరకలేదన్నది వీళ్ల బలం. గుహల్లోని జాడీలూ శిథిలాల్లోని జాడీలూ ఒకే తీరువి అన్నది ద వో పక్షం బలం. చాలామంది నేడు మధ్య దారిలో ఉన్నారు: సమాజం అక్కడే ఉండేది, కానీ చుట్టలన్నీ అక్కడ రాసినవి కావు.

ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది. 2021లో నాహల్ హెవెర్ లోయలో, తాళ్ల మీద దిగితే తప్ప చేరలేని గుహలో జెకర్యా, నహూము గ్రంథాల గ్రీకు తునకలు దొరికాయి. దొంగలు ముందే చేరడం, నకిలీలు తయారు కావడం కూడా ఆగలేదు. వాషింగ్టన్‌లోని బైబిల్ మ్యూజియం కొన్న 16 తునకలూ నకిలీలేనని 2020లో తేలింది.

మళ్లీ ఆ రెండు సమాధుల దగ్గరికి

చర్చిలో ఉన్న సమాధి, అంటే పరిశుద్ధ సమాధి దేవాలయం, 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ చక్రవర్తి కట్టించింది. యేసును ఊరి వెలుపల సిలువ వేశారని సువార్తలు చెప్తుంటే, ఈ చర్చి ఇప్పటి పాత నగరం గోడ లోపల ఉంది. ఈ అభ్యంతరంతోనే 19వ శతాబ్దంలో చాలామంది ప్రొటెస్టంట్లు ఇంకో చోటు వెతికారు. 1883లో యెరూషలేములో ఉన్న బ్రిటిష్ జనరల్ గోర్డన్ ఉత్తర గోడ బయట పుర్రెలా కనిపించే కొండను, యేసును సిలువ వేసిన గొల్గొతా అన్నాడు. దాని పక్కన రాతి సమాధి ఉంది. అదే ఇప్పటి తోట సమాధి. ప్రశాంతంగా, సువార్త చదువుతుంటే కళ్లకు కట్టే చోటు కాబట్టి మన సంఘాల బృందాలు అక్కడ ప్రార్థన చేసుకోవడానికి ఎంతో ఇష్టపడతాయి.

తవ్వకాలు ఏం చెప్పాయి? చర్చి కింద రాతి గని ఉండేదని, యేసు కాలంలో అది గోడ వెలుపలే ఉందని 1960ల తర్వాతి తవ్వకాలు చూపించాయి. ఇప్పుడున్న గోడ చాలా తర్వాతిది. చర్చిలోనే ఇంకో పక్క మొదటి శతాబ్దపు తీరు సమాధి గూళ్లున్నాయి. తోట సమాధి పడకల తీరును చూసి పురావస్తు శాస్త్రవేత్త గాబ్రియేల్ బర్కాయ్ అది క్రీ.పూ. 8, 7 శతాబ్దాలదన్నాడు. అదే నిజమైతే, యోహాను సువార్త చెప్పే ‘క్రొత్త సమాధి’కి అది సరిపోదు. కాబట్టి కాలం విషయంలో చర్చి వైపు మొగ్గు ఎక్కువ.

అయినా మొగ్గు వేరు, రుజువు వేరు. 2016లో చర్చిలోని సమాధి రాతిపలక తెరిచి, గచ్చు నమూనాలు పరీక్షిస్తే సుమారు క్రీ.శ. 345 అని వచ్చింది. ‘యేసు సమాధి నిజమేనని తేలింది’ అని వార్తలొచ్చాయి. ఆ పరీక్ష చెప్పింది కాన్‌స్టంటైన్ కాలంలో ఆ రాయి పరిచారని మాత్రమే. అప్పటి క్రైస్తవులకు ఆ చోటెలా తెలుసు, మూడు వందల ఏళ్లు గుర్తుంచుకున్నారా, ఊహించారా అన్నది ఆ గచ్చులో లేదు. తోట సమాధి నిర్వాహకులు కూడా ఇదే ఆ చోటని పట్టుబట్టరు. అక్కడ ప్రార్థించినవారి ప్రార్థనకు రాతి వయసుతో పనిలేదు. రాతి వయసుకూ ప్రార్థనతో పనిలేదు. ఈ రెండింటినీ వేరుగా ఉంచగలిగితే ఫోటోల్లోని ఆ ఇద్దరూ గొడవ పడక్కర్లేదు.

బేత్లెహేము గుహదీ దగ్గరి కథే. సువార్తల్లో పశువుల తొట్టి ఉంది, గుహ లేదు. గుహ అన్న మాట 2వ శతాబ్దం మధ్యలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రచనల్లో కనిపిస్తుంది. అంటే ఆ సంప్రదాయం చర్చి కంటే చాలా పాతది, కానీ సువార్తలోది కాదు. ఇక అబ్రాహాము కుటుంబపు సమాధిగా చెప్పే హెబ్రోనులోని మక్పేలా గుహ దగ్గర తవ్వకమే కుదరదు. హేరోదు కట్టించిన ప్రాకారం కింద ఉన్న ఆ గుహ యూదులకూ ముస్లిములకూ పవిత్రం.

పిల్లల చేతికి దొరికినవి

1979లో హిన్నోము లోయ అంచున బర్కాయ్ సమాధి గుహలు తవ్వుతున్నప్పుడు ఒక పిల్లల క్లబ్బు సాయానికి వచ్చింది. అందులో ఒక అబ్బాయికి గుహ మూల ఊడ్చే పని అప్పజెప్పారు. విసుగొచ్చి సుత్తితో నేల కొట్టాడు. నేలనుకున్నది కూలిన కప్పు. దాని కింద దొంగల కంటపడని గదిలో వెయ్యికి పైగా వస్తువులున్నాయి. వాటిలో రెండు చిన్న వెండి చుట్టలు. విప్పడానికి మూడేళ్లు పట్టింది. పెద్దది విప్పాక 97 మిల్లీమీటర్ల పొడవుంది. మన చర్చిల్లో ఆరాధన చివర వినే ‘యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడునుగాక’ అనే సంఖ్యాకాండపు దీవెన వాటి మీద గీసి ఉంది. అక్షరాల తీరును బట్టి క్రీ.పూ. 7వ శతాబ్దం చివర, 6వ శతాబ్దం మొదటి కాలానివని ఎక్కువమంది అంటారు, ఇంకా తర్వాతివని కొందరు. కుమ్రాన్ చుట్టల కంటే ఎన్నో వందల ఏళ్లు పాతవి. వీటితో సంఖ్యాకాండం మొత్తం అప్పటికే ఉందని రుజువు కాదు, ఆ దీవెన అప్పటికే వాడుకలో ఉందని మాత్రం రుజువైంది.

మారేషాలోనూ ఒక్కరోజు తవ్వకానికి వచ్చే సందర్శకులు గుహ మట్టిలో గ్రీకు అక్షరాల రాతి ముక్కలు ఏరారు. అవి అంతకుముందే మార్కెట్లోకి వచ్చిన ఒక శాసనపు పలకకు అతికాయి. క్రీ.పూ. 178లో నాలుగో సెలూకసు రాజు తన మంత్రి హెలియొదోరుకు రాసిన ఉత్తరం అది. కథోలిక బైబిల్లోని రెండవ మక్కబీయులు 3వ అధ్యాయంలో దేవాలయపు ఖజానా కోసం వచ్చినవాడు ఈ హెలియొదోరే. పలక ఎక్కడిదో తెలియకుండా అమ్ముడుపోయింది. ఆ సందర్శకుల చేతుల్లో దొరికిన ముక్కల వల్లే దాని ఊరు తెలిసింది. పెంకు జేబులో వేసుకోవద్దని అక్కడ గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. 1978 నాటి ఇజ్రాయెల్ పురావస్తు చట్టం ప్రకారం దొరికిన పాత వస్తువు ప్రభుత్వానిది. దొరికిన చోటు నుంచి కదిలిన వస్తువు సగం సాక్ష్యం పోగొట్టుకుంటుంది.

నేల ఎవరిది అన్న ప్రశ్న

కుమ్రాన్ వెస్ట్ బ్యాంక్‌లో ఉంది. 1967 యుద్ధం నుంచి ఆ ప్రాంతం ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉంది, స్థలాన్ని నడిపేది ఇజ్రాయెల్ పార్కుల శాఖ. పాలస్తీనా దాన్ని తన తరఫున యునెస్కో తాత్కాలిక జాబితాలో పెట్టింది. ఆక్రమిత నేలలో తవ్వకాలను కట్టడి చేసే 1999 నాటి హేగ్ రెండో ఒప్పందంపై ఇజ్రాయెల్ సంతకం చేయలేదు. దొంగల నుంచి వారసత్వాన్ని కాపాడుతున్నామని, ఇది తమ జాతి చరిత్ర అని ఇజ్రాయెల్ వైపు చెప్తారు. తమ నేలలోంచి తమ అనుమతి లేకుండా తీసుకెళ్తున్నారని పాలస్తీనీయులు చెప్తారు. యెరూషలేము సొరంగం ఉన్న సిల్వాన్‌లో పాలస్తీనా కుటుంబాలు నివసిస్తున్నాయి. దావీదు పట్టణం పార్కును నడిపే ఎలాద్ సంస్థ ఆ పేటలో యూదుల్ని స్థిరపరచడానికీ పనిచేస్తుంది. అక్కడ తవ్వకమే ఇళ్లమీదికి వచ్చే రాజకీయమని ఎమెక్ షవే అనే ఇజ్రాయెలీ పురావస్తు శాస్త్రవేత్తల సంస్థే అభ్యంతరం చెప్తోంది. అదే తవ్వకాల్లో దొరికినవాటి మీద రెండు వైపుల పండితులూ పరిశోధన చేస్తున్నారన్నదీ నిజం.

ఇది ఫీల్డ్ ట్రిప్ బస్సు దాకా వస్తుంది. బేత్లెహేము పాలస్తీనా పాలనలోని ‘ఏ’ ప్రాంతం. ఇజ్రాయెల్ సైనిక ఆజ్ఞ ప్రకారం ఇజ్రాయెల్ పౌరులు అందులోకి వెళ్లకూడదు, కాబట్టి యెరూషలేములో చదివే ఇజ్రాయెల్ పౌరుడైన యూదు విద్యార్థి యేసు జన్మస్థల దేవాలయానికి వెళ్లలేడు. బేత్లెహేములో చదివే పాలస్తీనా విద్యార్థికి పది కిలోమీటర్లు కూడా లేని యెరూషలేములో ఆ రెండు సమాధులూ, సిలోయము సొరంగమూ చూడాలంటే ఇజ్రాయెల్ పర్మిట్ కావాలి. అది దొరకడం తేలిక కాదు. చెక్‌పోస్టు తెరిచి ఉన్న రోజున, గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వెళ్లిన విద్యార్థి పాస్‌పోర్టు చూపించి ఒక్క రోజులోనే రెండు ఊళ్లూ చూసి రాగలడు.